కొండ మీద సంతకాలు

అక్షాంశాలూ రేఖాంశాలూ బడిలో భూగోళం పరీక్ష కోసం చదివి, పరీక్ష కాగానే వదిలేసే సంగతులని మా తరం వాళ్ళం అనుకుంటూ వచ్చాం. వాటిని పట్టుకుని కొండలూ గుట్టలూ తిరిగే ఆట ఒకటి ఉందని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ ఆట పేరు జియోకాషింగ్. ఎవరో ఒకరు ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు తాలూకు అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు సెల్‌ఫోన్ చేతపట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బా దొరికితే పుస్తకంలో పేరు రాసి, తేదీ వేసి, మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టి వచ్చేయాలి. అంతే ఆట. పందెం లేదు, బహుమానం లేదు.

"మరి దొరికితే ఏం లాభంరా?" అని అడిగాను.

"పేరు రాస్తాం గదా మామా" అన్నాడు.

ఆ జవాబు అప్పటికి నాకు ఆనలేదు.

దీని పుట్టుక చిత్రమైనది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలతో మనిషి తానున్న చోటు కనుక్కునే ఏర్పాటు అమెరికా సైన్యం చేసుకున్నది. మామూలు జనానికి అందే సంకేతాల్లో వాళ్ళు కావాలనే కొంత తప్పు కలిపి ఉంచేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ తప్పును తీసేశారు. వెంటనే, మే 3వ తేదీన, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్టు దాచి, దాని అంకెలు లోకానికి చెప్పాడు. అందులో కొన్ని పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా, పేర్లు రాయడానికి ఒక నోటుపుస్తకం ఉన్నాయి. ఇవాళ ప్రపంచమంతటా అలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. ఇంతకన్నా పాత ముచ్చట ఇంకొకటుంది. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో, 1854లో, బాటసారులకు దారి చూపే జేమ్స్ పెరట్ అనే మనిషి క్రాన్‌మియర్ మడుగు దగ్గర ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరు చీటీ అందులో వేసి పోయేవాళ్ళు. ఇక్కడిదాకా వచ్చాను అని చెప్పుకోవాలనే ఆశ మనిషికి కొత్తది కాదన్నమాట.

మా అక్క వాళ్ళది మదురై. నేను కోయంబత్తూరు వాణ్ణి. సంక్రాంతికి అక్కను చూడబోతే, మేనల్లుడు ఆదివారం ప్రయాణం కట్టించాడు. నలుగురం బయల్దేరాం: అక్క, మేనల్లుడు, ఆరో తరగతి చదివే వాడి కొడుకు, నేను. అక్కకు మోకాళ్ళ నొప్పి. కొండ ఎక్కలేదు. అయినా "ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చేస్తాను, కింద చెట్టుకింద కూచుంటాను పదండి" అని సద్ది కట్టుకుని వచ్చింది.

పెరియార్ బస్టాండులో బస్సెక్కి కీళకుయిల్‌కుడిలో దిగాం. మదురైకి పడమటగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నాగమలై పక్కన చిన్న పల్లె అది. అక్కడి గుట్టను సమణర్ మలై అంటారు. సమణులంటే జైన సన్యాసులు. కొండ పాదంలో తామరల చెరువు, పెద్ద మర్రిచెట్టు, అయ్యనార్ గుడి. కరుప్పణస్వామి కాపలా. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. చెరువుగట్టు మీద అక్కను కూర్చోబెట్టి, టీ తాగి, మెల్లగా కదిలాం. డబ్బా ఉన్న చోటు కొండ మీద కాదు, అవతలి పక్క తుప్పల్లో. పురావస్తు శాఖ కాపాడే చోట ఏదీ దాచకూడదు కదా. డబ్బా సంగతి మధ్యాహ్నం చూసుకోవచ్చు, ముందు కొండ చూద్దామన్నాడు మేనల్లుడు. తొందరేమీ లేదు.

మొదట చెట్టిపొడవుకు వెళ్ళాం. ఆ పేరు వినగానే పిల్లవాడు పకపక నవ్వాడు. "చెట్టి ఎంత పొడవు తాతా?" అన్నాడు. ఈ పేరులోని పొడవుకు గుహ అని అర్థం. చెట్టిగారి గుహ అన్నమాట. గుహ పక్కన రాతి మీద మహావీరుడు కూర్చుని ఉన్నాడు. ఆ పెద్ద చెవులూ నిండు విగ్రహమూ చూసి ఎవరో చెట్టియారు అనుకున్నారట ఊరివాళ్ళు. గుహ లోపల పైకప్పు వంపులో మరికొన్ని శిల్పాలున్నాయి. ఒకచోట సింహమెక్కిన యక్షి ఏనుగు మీది శత్రువుతో పోరాడుతోంది. పిల్లవాడు అక్కడే పావుగంట నిలబడిపోయాడు. ఇంట్లో వాడు మాతో తెలుగే మాట్లాడతాడు. కానీ తెలుగు మాటకూ తమిళ మాటకూ మధ్య గోడ ఎక్కడుందో వాడికి తెలియదు. "పొడవు" లాంటిది తగిలినప్పుడే ఆ గోడ తెలుస్తుంది.

తిరిగి వచ్చి, అయ్యనార్ గుడి వెనక మెట్లెక్కి పేచ్చిపళ్ళం చేరాం. అక్కడ బండ మీద ఎనిమిది శిల్పాలు వరసగా ఉన్నాయి. తీర్థంకరులు, బాహుబలి. బొమ్మల కింద కొన్ని పంక్తుల రాత. వట్టెళుత్తు అనే పాత గుండ్రని లిపి అది. ఫలానా వారు చేయించిన విగ్రహం అని ఉంటుంది. మేనల్లుడు వాటి పాఠాలు ఫోనులో చూసి చదివాడు. అచ్చణంది అనే ఆచార్యుడి తల్లి గుణమతియార్ చేయించినది ఒకటి. కురండి అనే ఊళ్ళోని తిరుక్కాట్టాంపళ్ళి జైన మఠానికి చెందిన శిష్యుల పేర్లు కొన్ని. వింటుంటే నాకు నవ్వొచ్చింది. పేరు, గురువు పేరు, ఊరు: మా బ్యాంకులో ఖాతా తెరిచే ఫారంలో అడిగేవి కూడా ఇంచుమించు ఇవే. రాజుల పేర్లు చాలాచోట్ల రాళ్ళ మీద ఉంటాయి. ఇక్కడ ఒక తల్లి పేరు వెయ్యేళ్ళకు పైగా ఎండకూ వానకూ నిలిచి ఉంది. ఆమె మరేం చేసిందో మనకు తెలియదు. పేరు మాత్రం చెప్పి పోయింది.

అక్కడికి నాలుగడుగుల దూరంలో, బండ మీద బొగ్గుతోనూ రంగుతోనూ ఈ కాలపు ప్రేమికుల పేర్లున్నాయి. పిల్లవాడు చూసి, "వాళ్ళు రాస్తే మంచిది, వీళ్ళు రాస్తే తప్పా తాతా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. కాసేపటికి మేనల్లుడే అన్నాడు: "వాళ్ళు ఒక బొమ్మ చేయించి, దాని కింద పేరు పెట్టుకున్నారు. వీళ్ళు ఇంకొకరు చేసిన దానిమీద పెట్టుకుంటా ఉండారు. మనకి డబ్బా ఉండాది గదా, అందులో రాసుకో." చిన్న జవాబే గాని తూకం సరిగ్గా ఉంది.

ఇంకా పైకి ఎక్కితే పాత జైన ఆలయం పునాది కనిపిస్తుంది. 9వ శతాబ్దంలో పరాంతక వీరనారాయణుడనే పాండ్యరాజు కాలంలో కట్టిన మాదేవి పెరుంపళ్ళి అది. ఇప్పుడు అడుగు రాళ్ళే మిగిలాయి. ఆ పైన, దీపస్తంభం దగ్గర, బండ మీద ఇంకొక రాత ఉంది. దానికోసమే నేను ఎక్కాను. అది కన్నడం. మూలసంఘానికి చెందిన బెళగుళ జైన గురువుల పేర్లు అందులో ఉన్నాయి. బాలచంద్రదేవుడు, నేమిదేవుడు, మరి కొందరు. బెళగుళ అంటే శ్రవణబెళగొళ. ఎక్కడి శ్రవణబెళగొళ, ఎక్కడి మదురై! వందల కిలోమీటర్ల నుంచి వచ్చి, తమిళనేలలో నడిగడ్డ మీద నిలబడి, తమ లిపిలో పేర్లు పెట్టుకున్నారు.

కన్నడ లిపీ మన లిపీ ఒకే తల్లి బిడ్డలు. శతాబ్దాల పాటు రెండింటికీ ఒకే రాత. అందుకని బండ మీద వంగి, నీళ్ళు చల్లకుండా, వేలు పెట్టకుండా, ఎండ వాలున చూస్తూ ప్రయత్నించాను. "దేవ" అన్న రెండక్షరాలు పోల్చుకోగలిగాను. అంతే. కానీ ఆ రెండక్షరాలకే నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. మన లిపి చదవగలిగిన కళ్ళు గనుకనే గదా అవి కనిపించాయి అనిపించింది. పక్కన కూర్చున్న పిల్లవాడికి అవి గీతలు. వాడి తప్పు కాదు. వాడికి ఆ తలుపుకు తాళంచెవి ఎవరూ ఇవ్వలేదు.

పై నుంచి చూస్తే, మంచు తెరలో మదురై లీలగా కనిపిస్తుంది. ఆ ఊరిని 1529 ప్రాంతం నుంచి రెండు వందల ఏళ్ళ పాటు మనవాళ్ళు పాలించారు. తిరుమల నాయకుడి మహలు చూడటానికి ఇవాళ్టికీ జనం వస్తారు. అంతకన్నా నాకు గొప్పగా తోచే సంగతి ఇంకొకటుంది. పద్యమే రాజ్యమేలుతున్న కాలంలో తెలుగు వచనం ఈ ఊళ్ళో కాలు నిలదొక్కుకుంది. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడి కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినీభారతాన్ని వచనంలో రాశాడు. ఇవాళ మనం ఈ పత్రికలో రాసుకుంటున్న వచనానికి తాతల ఇల్లు ఆంధ్రదేశంలోనే కాదు, ఇక్కడా ఉందన్నమాట.

కిందికి దిగేసరికి పన్నెండు దాటింది. మర్రిచెట్టు కింద అక్క చింతపండు అన్నం, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ ఆకుల్లో పెట్టింది. బండ మీది అక్షరాల సంగతి చెబితే, "ఇంకేమి, నీకు పండగే" అంది. అక్క చదువు తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు రావు. పెళ్ళయి మదురై వచ్చిన కొత్తలో నాకు ఉత్తరాలు తెలుగులోనే రాసేది, తమిళ లిపిలో. మన ఇళ్ళల్లో చాలామందికి ఇది తెలిసిన సంగతే. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే. ఒక ఉత్తరంలో "సంతలో కంప కొన్నాను" అని ఉంది. ముళ్ళకంప డబ్బిచ్చి ఎందుకు కొన్నదా అని రెండు రోజులు ఆలోచించాను. అది గంప. ఆ మాట ఇప్పుడు చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లవాడు నవ్వలేదు. "అయితే నేను రాసినా అట్లే ఉంటాదా?" అన్నాడు. ఉంటుంది మరి.

ఎండ చల్లబడ్డాక డబ్బా వేట మొదలుపెట్టాం. ఆ చోటు ఎక్కడో రాయడం ఆట మర్యాద కాదు గనుక రాయను. తుప్పలు, రాళ్ళ గుట్ట, ఒక వేపచెట్టు ఉన్న చోటు అని మాత్రం చెబుతాను. ఫోను "పన్నెండు మీటర్లు" అంటుంది, నాలుగడుగులు వేస్తే "పదిహేను" అంటుంది. ఆకాశం బాహాటంగా కనిపించే చోట నాలుగైదు మీటర్ల తేడాతో చెబుతుందట గాని, రాళ్ళ పక్కా చెట్ల కిందా తడబడుతుంది. చివరి పది మీటర్లూ ఉపగ్రహం పని కాదు, మనిషి కళ్ళ పని. అక్క కూడా వచ్చి వేపచెట్టు నీడన నిలబడి, "ఆ రాయి ఎత్తి చూడు, ఈ రాయి ఎత్తి చూడు" అని పురమాయిస్తోంది.

మేకలు మేపుకుంటూ ఒక ముసలామె వచ్చింది. కాసేపు మమ్మల్ని చూసి, "ఏం పోగొట్టుకున్నారు?" అని తమిళంలో అడిగింది.

మేమేమీ పోగొట్టుకోలేదు, ఎవరో దాచినది వెతుకుతున్నాం అని చెప్పాం.

"దాచినవాళ్ళు వచ్చి తీసుకోరా?"

"తీసుకోరు. ఎవరైనా వచ్చి చూడాలనే దాచారు."

"బాగానే ఉంది. ఎవరూ రాకపోతే?"

దానికి మా ముగ్గురిలో ఎవరం జవాబు చెప్పలేదు. ఆమె మేకల్ని అదిలించుకుని వెళ్ళిపోయింది.

ముప్పావుగంటకు పిల్లవాడే కనిపెట్టాడు. రెండు రాళ్ళ సందులో, చిన్న రాయి అడ్డంగా పెట్టి ఉంది. అది తీస్తే పాత కెమెరా ఫిల్ము డబ్బా, నల్లటిది, బూడిద రంగు మూతతో. ఆ డబ్బాలు మా ఇళ్ళల్లో ఒకప్పుడు పసుపుకీ కుంకుమకీ పనికొచ్చేవి. మూత తీస్తే చుట్ట చుట్టిన సన్నటి కాగితం. దాన్ని విప్పితే ఇరవై ఇరవైరెండు పేర్లు. చాలావరకు ఇంగ్లీషు. నాలుగైదు తమిళం. తెలుగు లేదు.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పక తప్పదు. బ్యాంకులో చేరిన నాటి నుంచీ నేను చూస్తున్నవి సంతకాలే. సంతకం ఏ లిపిలో ఉన్నా చెల్లుతుంది, నమూనాతో సరిపోలితే చాలు. కోయంబత్తూరు తూర్పు వైపు పల్లెల్లో నేను పనిచేసిన కాలంలో, పత్తి అమ్మిన డబ్బు వేసుకోవడానికి వచ్చే ముసలివాళ్ళు కొందరు తెలుగులో సంతకం చేసేవారు. వణికే వేళ్ళతో, ఒక్కొక్క అక్షరానికీ తలకట్టు మరచిపోకుండా. ఆ నమూనా కార్డులు చూస్తే మా అవ్వ చెయ్యి గుర్తొచ్చేది. వాళ్ళు పోయాక కొడుకులూ కూతుళ్ళూ వచ్చేవారు. డబ్బు వాళ్ళ పేరుకు మార్చేవాళ్ళం. అప్పుడు పాత కార్డు తీసి, కొత్త నమూనా సంతకం తీసుకోవాలి. అది తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండేది. అట్లా ఒక్కొక్క కార్డే మారుతూ వచ్చింది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ కాల్చేయలేదు. ఆస్తికి వారసులుంటారు గాని సంతకానికి ఉండరు. ఎవరి సంతకం వాళ్ళే నేర్చుకోవాలి.

2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు దాదాపు 42 లక్షల మంది. ఖాతాలో నిలవ తక్కువేమీ కాదు. 2006లో తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడం మనకు నష్టం కాదు. ఈ నేల అన్నం తింటున్నవాళ్ళం, ఈ నేల భాష రాకపోతే ఎట్లా? కానీ బడిలో తెలుగుకు దొరికే చోటు ఇరుకైపోయాక, అక్షరాల పని ఇంటి మీద పడింది. ఇంట్లో మాట ఉంది, అక్షరం లేదు. మాట ఉన్నంతకాలం భాష భద్రంగా ఉందనే అనుకుంటాం. రాళ్ళ సందున డబ్బా కూడా భద్రంగానే ఉంటుంది. ఆ ముసలామె అడిగినట్టు, ఎవరూ రాకపోతే?

మేనల్లుడు ఇంగ్లీషులో రాశాడు. నేను తెలుగులో రాశాను, ఊరి పేరుతో సహా. అక్క వంతు వచ్చినప్పుడు, "నా పేరు కూడా నువ్వే తెలుగులో రాసెయ్యిరా తమ్ముడూ" అంది. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టకూడదక్కా, నా ఉద్యోగం పోతుంది అన్నాను. నవ్వి, తమిళ అక్షరాల్లో తన పేరు తానే రాసింది. అదీ నిఖార్సయిన సంతకమే.

పిల్లవాడు కాగితం ముందు పెట్టుకుని పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు. తరవాత మట్టిలో చోటు చదునుచేసి, "తాతా, నా పేరు ఈడ రాసి చూపించు" అన్నాడు. పుల్లతో రాశాను. దాన్ని చూసి వాడు మట్టిలో ఆరుసార్లు దిద్దాడు. ఏడోసారి కాగితం మీద రాశాడు. మూడక్షరాలు. ఒకదానికి తలకట్టు పడలేదు. నేను దిద్దబోతే వాళ్ళ నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. సరే, వాడి నమూనా అది. ఇకముందు దాంతోనే పోల్చుకోవాలి.

డబ్బా మళ్ళీ రాళ్ళ సందున పెట్టి, చిన్న రాయి అడ్డం పెట్టి, ఐదింటి బస్సుకు వచ్చేశాం.

ఈ పత్రిక చదివేవాళ్ళల్లో మదురై చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఉంటారు. వీలుచేసుకుని పిల్లల్ని సమణర్ మలైకి తీసుకుపోండి. మంచు నెలల్లో అయితే నడక హాయిగా ఉంటుంది. శిల్పాల మీద చెయ్యి వెయ్యనివ్వకండి. గుణమతియార్ పేరు ఏ బొమ్మ కింద ఉందో చూపించండి. పైన కన్నడ అక్షరాల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. డబ్బా కావాలంటే పిల్లలే ఫోనులో వెతుక్కుంటారు. మీరు మాత్రం ఒక పెన్సిలు జేబులో వేసుకోండి. ఆ డబ్బాల్లో కాగితం ఉంటుంది గాని, రాసేందుకు ఏమీ ఉండదు.